వెంట నడిచిన ఏరు

కాకులకొండ శిఖరం మీద నిలువెత్తు నల్లరాతి స్తంభానికి ఒక జడ చుట్టి ఉంది. మనుషుల జడ కాదది. తాటిమాను లావున, పాల తెలుపుతో, అడుగు నుంచి కొస దాకా మెలికలు తిరిగి ఉంది. పాయపాయలోనూ సన్నగా నీటిచప్పుడు వినిపిస్తోంది. లోపల చేపలు కదలుతున్నాయి. ఒకచోట తామరమొగ్గ ఒకటి విచ్చుకోబోయి ఆగిపోయింది. మహామాయావి ఘోరకంకుడు ముడి బిగించిన క్షణాన ఎలా ఉందో నేటికీ అలాగే ఉంది. ఒకప్పుడు మరుకచ్ఛ దేశాన్ని పచ్చగా ఉంచిన ధవళవేణీ నది అదే. ఘోరకంకుడు కొంగ రూపంలో వచ్చి, నదిని నదిగానే ముక్కున కరుచుకుని, ఇక్కడికి తెచ్చి కట్టేశాడు.

ఆ జడ ముందు మోకాళ్ల మీద కూర్చుని కేదారుడు ఆఖరి ముడి విప్పుతున్నాడు. అతడు రాజకుమారుడేమీ కాడు. మరుకచ్ఛ రాజధాని నీరజపురిలో నీళ్ల తోలుతిత్తులు కుట్టుకుని బతికేవాడు. అతడి దగ్గర కత్తి ఉంది గాని, ఇంతకుముందు ఆ జడ మీద కత్తి పెట్టిన వీరులందరూ చుట్టూ రాళ్లై నిలబడి ఉండటం చూసి దాని జోలికి పోలేదు.

"త్వరగా కానివ్వవయ్యా! పడమట కొంగల బారు కనబడుతోంది," అంది వెనక నుంచి తరళ.

జలపాద దేశపు రాకుమార్తె ఆమె. మాయావి ఎత్తుకొచ్చి తన కాకులకు గింజలు చల్లే పనిలో పెట్టాడు. పారిపోవడానికి ఇప్పుడు భటుడి వేషం వేసింది. కాటుకతో దిద్దుకున్న మీసం చెమటకు గడ్డం మీదికి కారుతోంది గాని, ఆ సంగతి చెప్పే ధైర్యం కేదారుడికి లేదు.

"తొందరపెడితే ముడి బిగుసుకుంటుంది రాకుమారీ. తోలు ముడైనా నీళ్ల ముడైనా ఒకటే. కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అన్నాడు.

పైకి అలా అన్నాడే గాని అతడికీ తొందరగానే ఉంది. నీరజపురిలో మిగిలింది ఒకే ఒక్క రాజబావి. అందులోనూ బురద తేలింది. ఈ అమావాస్య నుంచి ముసలివాళ్లకు నీళ్లు పొయ్యవద్దని దృఢవర్మ మహారాజు ఆజ్ఞ వేశాడు. ఆ ముసలివాళ్లలో కేదారుడి తల్లి వీరమాంబ ఉంది. అమావాస్య వచ్చేసింది. ఆమెకిక మహా అయితే ఒకటి రెండు పొద్దులు.

ముడి ఊడింది.

ముందు ఏమీ జరగలేదు. తరువాత స్తంభం అడుగున ఎవరో నిట్టూర్చినట్టయింది. జడ పాయలుగా విడింది. ఆగిపోయిన తామరమొగ్గ విచ్చుకుంది. ఆ వెంటనే తెల్లటి నీళ్లు కొండ మీద నిలువుగా లేచాయి, చెట్లను మించి లేచాయి, మబ్బుల్ని తాకి అక్కడ తల తిప్పి కిందికి చూశాయి. కేదారుడు బుద్ధెరిగి చూసిన నీళ్లలోకెల్లా ఎక్కువ నీళ్లు పండుగనాడు రాజభవనంలో వెండిపళ్లెంలో పోసి చూపించేవి. జనం బారులు తీరి, ఆ పళ్లెంలో ముఖం చూసుకుని, దండం పెట్టుకుని పోయేవారు. ఇప్పుడు ఇంత నీరు తలెత్తి తననే చూస్తుంటే అతడికి భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

"నా ముడి విప్పిన చేతులెవరివి?" అంది నది. ఆ గొంతు అన్ని వైపుల నుంచీ వచ్చింది.

"మరుకచ్ఛ వాణ్ని తల్లీ. కేదారుడంటారు. మా ఊరు ఎండిపోయింది. మా అమ్మకు నీళ్లాపేశారు. నువ్వు రావాలి."

"వస్తాను. నువ్వు ముందు నడువు, నీ వెనక నేను నడుస్తాను. దారిలో ఎవరు తాగినా సరే, పశువులు దిగినా సరే, పిల్లలు ఈదులాడినా సరే. కాని నేను సముద్రాన్ని ముట్టుకునేదాకా నన్నెవరూ పాత్రలో పట్టి దాచకూడదు. దాచిన చోట ఆగిపోతాను. పారబోయకపోతే ఆగినచోటే ఇంకిపోతాను."

"ఇదేం నియమం తల్లీ?"

"ఆ కొంగ నన్ను పగతో కట్టేశాడనుకున్నావా? రేపటికి నేను ఉండనేమోనని కట్టేశాడు. ఇన్ని నీళ్లు పక్కన పెట్టుకుని ఒక్క గుక్క తాగి ఎరగడు. ఎవరైనా రేపటి కోసమని నన్ను పట్టి ఉంచితే వాడి ముడి నా ఒంట్లో మళ్లీ బిగుసుకుంటుంది. సముద్రం తగిలితే ఆ మంత్రం కరిగిపోతుంది. ఆ తరువాత చెరువులు నింపుకుంటారో బావులు నింపుకుంటారో మీ ఇష్టం."

ఓస్ ఇంతేనా, అనుకున్నాడు కేదారుడు. పాపం, ఆ మాట ఎంత తేలికగా అనుకున్నాడో!

ముగ్గురూ కొండ దిగారు. ముగ్గురంటే మనుషులిద్దరు, ఏరొకటి. నీళ్లు తగలగానే రాళ్లై ఉన్న వీరులు తుమ్ముతూ లేచి, తమ కత్తులు తుప్పుపట్టి పోయాయని ఒకరినొకరు తిట్టుకోసాగారు. వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. కొండ చుట్టూ మాయావి తవ్వించిన అగ్గికందకం భగ్గున లేచింది. కేదారుడు తరళ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని ముందుకు దూకాడు. కాళ్ల కింద నిప్పు లేదు. చల్లటి నీళ్లున్నాయి. నది వాళ్లకంటే ముందు ఒక పాయను సాచి కందకం మీద పరిచింది. ఆవిరి ఆకాశమంతా కమ్ముకుంది. ఆ ఆవిరిలోంచి పడగ విప్పి లేచిన నిప్పుపాము బుసకొట్టే లోపలే బూడిదై కొట్టుకుపోయింది.

కొండ దాటితే ఎడారి. కనుచూపు మేర ఎర్రటి ఇసుక తప్ప మరేమీ లేని ఆ బయలు మీద కేదారుడు నడిచాడు. అతడి వెనక నది నడిచింది. అది పరుగెత్తలేదు. అతడు ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. తల్లి వెనక లేగదూడ నడిచినట్టుంది చూడబోతే. ఇసుక తడిసిన చోటల్లా, ఎన్ని తరాల కిందట రాలిన గింజలో గాని, మొలకలెత్తాయి. కేదారుడు వెనక్కి తిరిగి చూస్తే తను వచ్చిన దారి పొడవునా ఒక పచ్చటి చార కొండదాకా సాగి ఉంది. ఎక్కడి నుంచి వచ్చాయో సీతాకోకచిలుకలు గుంపులుగా వచ్చి ఆ చార మీద వాలాయి. లేళ్లు వచ్చాయి. వాటి పక్కనే ఒక చిరుతపులి వచ్చింది. అన్నీ ఒకే వరసలో తలలు వంచి తాగాయి. పులి తాగడం అయ్యాక లేళ్ల వంక చూసింది గాని, నీళ్లతో పొట్ట బరువెక్కిందేమో, అక్కడే పడుకుంది.

కేదారుడు కూడా వంగి, రవ్వన్ని నీళ్లు అరచేతిలో పోసుకుని, నాలుక తడుపుకుని, అరచేతిని నాకి, వేలి సందుల్లో మిగిలిన తడిని కళ్లకు అద్దుకున్నాడు. తరళ అది చూసి పకపకా నవ్వింది.

"ఇదేం తాగడమయ్యా! పిచ్చుక కూడా ఇంతకంటే ఎక్కువ తాగుతుంది. నీ వెనక ఉన్నది ఏరు."

"అలవాటండీ," అన్నాడు కేదారుడు సిగ్గుపడుతూ. "మా ఊళ్లో గుక్క కంటే ఎక్కువ తాగితే తప్పు చేసినట్టుంటుంది. ఎవరి వంతో తాగేశామేమోనని రాత్రి నిద్ర పట్టదు."

తరళ నవ్వు ఆగిపోయింది. మళ్లీ ఆమె ఆ విషయంలో వేళాకోళం చేయలేదు.

మిట్టమధ్యాహ్నం వేళ నది ఆగింది.

కేదారుడు నాలుగడుగులు వేసి చూశాడు. కదల్లేదు. "రా తల్లీ," అన్నాడు. పలకలేదు. చూస్తుండగానే గట్ల నుంచి లోపలికి కుంచించుకుపోయి, పెద్ద కాలవైంది. ఆ పైన పిల్ల కాలవైంది. చేపలు ఇసుక మీద కొట్టుకున్నాయి. పచ్చటి చార కొస నుంచి వాడిపోవడం మొదలైంది.

"ఎవరో నీళ్లు పట్టారు!" అంది తరళ. "చుట్టుపక్కల మనుషులెవరూ లేరే! కేదారా, నువ్వు గాని..."

"నేనా? నేనెందుకు పడతానండీ? ఆ మాట విన్నది నేనే కదా!"

అని నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

నడుముకు వేలాడుతున్న తోలుతిత్తి నిండుగా ఉంది. చల్లగా ఉంది. మూతి మూడు మెలికలు తిప్పి గట్టిగా కట్టి ఉంది. ఆ ముడి అతడిదే.

మరుకచ్ఛలో బిడ్డకు పేరు పెట్టేనాడే మొలతాడుకు బొటనవేలంత తిత్తి కడతారు. బిడ్డ పెరిగేకొద్దీ తిత్తి పెరుగుతుంది. తడి కనబడితే చాలు, చెయ్యి తిత్తి మూతి మీదికి పోతుంది. అడిగి పోదు, చెప్పి పోదు. కంటికేదైనా అడ్డొస్తే రెప్ప పడ్డట్టు పోతుంది. నిండిన తిత్తి లేనివాణ్ని నీరజపురిలో దిగంబరుణ్ని చూసినట్టు చూస్తారు. ఇందాక వంగి నాలుక తడుపుకున్నాడే, అప్పుడు కుడిచెయ్యి తాగుతుంటే ఎడమచెయ్యి తన పని తాను చేసుకుపోయింది. అతడికి తెలియను కూడా తెలియలేదు.

"పారబొయ్యి!" అని అరిచింది తరళ.

కేదారుడు తిత్తిని రెండు చేతులా పట్టుకున్నాడు. ముడి మీద వేళ్లు పెట్టాడు. వేళ్లు కదలలేదు. నదిని కట్టిన ముడి విప్పిన వేళ్లే ఇవి!

అప్పుడే ఎండ మసకబారింది. ఆకాశమంతా బూడిదరంగు రెక్కలు పరుచుకున్నాయి. వేల కొంగలు. వాటి నడుమ మేడంత కొంగ, ముక్కు తలుపు దూలమంత పొడుగు, మనిషి కళ్లతో చూస్తోంది.

"పారబొయ్యకు నాయనా," అన్నాడు ఘోరకంకుడు. ఆ గొంతులో కోపం లేదు. ఇంటి పెద్దవాడు బుద్ధి చెబుతున్నట్టుంది. "ఏరును నమ్ముతావా? పొద్దున కొండంత ఉంది, మధ్యాహ్నానికి పిల్లకాలవైంది. సాయంత్రానికి ఉంటుందని ఎవరు చెప్పొచ్చారు? నీ చేతిలో ఉన్నది మాత్రం నీది. దాన్ని తీసుకుని పో. మీ అమ్మ ఇంకా కొన్నాళ్లు బతుకుతుంది. నేను నిన్నేమీ చెయ్యను. ఏరు నాకొదిలెయ్యి, తిత్తి నువ్వుంచుకో."

మాయావి అబద్ధమాడలేదు. అదే కష్టమంతా. తిత్తి నిజం. అందులో నీళ్లు నిజం. అమ్మ పెదవులు పగిలి నెత్తురోడటం అతడు కళ్లారా చూశాడు. ఈ తిత్తి ఆమె నోట్లో పోస్తే ఆమె బతికే మాట నిజం. పారబోస్తే ఇసుక తాగేస్తుంది. ఏరు వస్తే వస్తుంది, రాకపోతే తల్లిని తన చేతులతో తనే చంపుకున్నవాడవుతాడు. కేదారుడు గజగజ వణికాడు. నిప్పుపామును చూసి వణకనివాడు మూరెడు తోలు సంచీని చూసి వణికాడు.

తరళ కొంగల వంక కత్తి దూసి నిలబడింది. వేలకొద్దీ కొంగలకు ఒక కత్తి ఏ మూలకు?

కేదారుడు పిల్లకాలవ వంక చూశాడు. అది ఇసుకలో పాకుతూ అతడి కాలి దగ్గరికి వస్తోంది. ఆగిపోతూ, ఇంకిపోతూ, మళ్లీ కాస్త ముందుకు వస్తోంది. చావబోతూ కూడా తన వెంటే నడవాలని చూస్తోంది. అతడికి దుఃఖం ముంచుకొచ్చింది.

"అమ్మా, నన్ను క్షమించు," అన్నాడు. ఏ అమ్మతో అన్నాడో అతడికే తెలియదు. ముడి లాగేసి తిత్తిని బోర్లించాడు.

నీళ్లు బుడబుడమని ఇసుకలో పడ్డాయి. ఇసుక తాగేసింది. ఒక్క క్షణం ఎడారిలో చడీ చప్పుడూ లేదు. మేడంత కొంగ నవ్వడానికి ముక్కు తెరిచింది.

ఆ ముక్కు మూసుకోలేదు. భూమి దద్దరిల్లింది. ఎక్కడ తిత్తి ఖాళీ అయిందో అక్కడి నుంచే నది లేచింది. ఇందాక కొండ మీద లేచింది దీని ముందు ఎంత! దిక్కులు కనబడలేదు. సూర్యుడు నీళ్ల వెనక్కి పోయి, ఆకుపచ్చటి వెలుగై కనిపించాడు. అలల గోడలో ఈదుతున్న చేపలు పక్షుల్లాగా తల మీదుగా పోయాయి. కొంగల దండు ఆ అలలో పడి చెల్లాచెదరైంది. ఘోరకంకుడు కేక పెట్టి, ఒక కాలు విరిగి, మబ్బుల్లోకి పడుతూ లేస్తూ పారిపోయాడు. అంత పెద్ద అల కూడా కేదారుడి ముందుకొచ్చి, తరళ కత్తి మొనను కూడా కదిలించకుండా, ఇద్దరి చుట్టూ మెత్తగా దిగింది.

కేదారుడు మెడలోతు నీళ్లలో నిలబడి తాగాడు. దోసిళ్లతో తాగాడు, నోరు పెట్టి తాగాడు, ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరై దగ్గి మళ్లీ తాగాడు. కడుపు నిండింది. నిండాక చూస్తే నది ఇంకా ఉంది. తను తాగినందుకు అది ఇసుమంత కూడా తగ్గలేదు. ఎవరి వంతూ తాగలేదు. అతడు పుట్టాక మొదటిసారి, ఎవరూ చెయ్యడ్డం పెట్టకుండానే, "చాలు," అన్నాడు. ఆ మాట నోట్లో ఎంత కొత్తగా ఉందో!

కాటుక మీసం పూర్తిగా చెరిగిపోయిన తరళ అతడి వంక చూస్తూ ఉండిపోయింది. "మా దేశంలో రోజూ అనే మాటే," అంది నెమ్మదిగా. "ఎవరైనా ఇలా అనగా నేను వినలేదు."

పొద్దు వాలుతుండగా నీరజపురి కోటబురుజులు కనిపించాయి. ఎండిపోయిన పాత ఏటిపల్లం ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. ఊరికి అవతల, కేక వేస్తే వినిపించేంత దూరంలో, సముద్రం మెరుస్తోంది. ఉప్పునీళ్ల పక్కనే ఉండి గొంతెండి చచ్చే ఊరు అది. ఆ కాస్త దూరం నది నడిస్తే చాలు.

"అటు చూడు," అంది తరళ.

గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. మట్టికుండలు, ఇత్తడి బిందెలు, గంగాళాలు, తొట్లు, తిత్తులు, ఆఖరికి ఉయ్యాలతొట్టెలు కూడా చేతపట్టుకుని ఉన్నారు. వాళ్ల ముందు ఒక చాటింపువాడు కర్ర మీద ఆనుకుని, ఒంటికాలి మీద నిలబడి డప్పు కొడుతున్నాడు.

"పట్టుకోండహో! దొరికినంత పట్టుకోండి! ఈ ఏరు రేపుండదు! ముందు పట్టినవాడిదే నీరు!"

ఆ ఒంటికాలి నిలకడ చూడగానే కేదారుడికి వాడెవడో తెలిసిపోయింది. మెరుపుదాడి చేసి ఓడినవాడు ఈసారి కొంగల్ని తేలేదు. ఆ ఊరి భయాన్నే దండుగా నిలబెట్టాడు. ఊళ్లో ప్రతి ఎడమచెయ్యీ వాడి సైన్యమే.

కేదారుడు అరుస్తూ పరుగెత్తాడు, అతడి వెనకే ఏరు పాత పల్లంలోకి దిగింది. అతడి అరుపు ఎవరికీ వినబడలేదు. అందరికంటే ముందు పల్లంలోకి దిగింది ఒక ముసలావిడ. కుండ ఆమె తలకంటే పెద్దది. ఎముకల గూడులాంటి ఒళ్లు. వీరమాంబ! ఆమె వంగి కుండ ముంచింది.

నది ఆగింది. గట్టు మీద జనం కూడా ఆగారు. ఏరు వాళ్ల కళ్లముందే కుంచించుకుపోయింది.

"చెప్పానా!" అన్నాడు చాటింపువాడు. "పోతోంది చూడండి! దిగండి, దిగండి!"

కేదారుడు తల్లి ముందు మోకాళ్ల మీద పడ్డాడు. "అమ్మా, పారబొయ్యి! తాగు, తాగినంత తాగు. కుండలో మాత్రం ఉంచకు. సముద్రం దాకా పోనీ. తరువాత ఎన్ని కుండలైనా నింపుకుందాం. నీకు దణ్ణం పెడతానమ్మా!"

వీరమాంబ కుండను పొట్టకు హత్తుకుని కొడుకు వంక చూసింది. తడిసిన జుట్టు చూసింది, నున్నగా ఉన్న పెదవులు చూసింది.

"నువ్వు తాగావా నాయనా?"

"తాగానమ్మా. కడుపునిండా తాగాను."

"కడుపునిండానా?" అంది ఆమె. "నిన్ను కన్నదాన్ని, ఒక్కనాడైనా నీకు కడుపునిండా పొయ్యలేకపోయాను రా!"

కుండ అలాగే ఒంచేసింది. ఆ తరువాత వంగి రెండు చేతులా తాగింది. చాలాసేపు తాగింది. తల ఎత్తేసరికి ఏరు మళ్లీ మోకాలి పైకి వచ్చింది. ముసలావిడ ముఖం మీద నీళ్లు కారుతుంటే, పండుగనాటి వెండిపళ్లెం చూసినప్పటిలా కళ్లు పెద్దవి చేసి ఆ ఏటి పొడవునా చూసింది.

"ఇంత ఉందా!" అంది.

కాని గట్టు మీది జనానికి ఆ మాట వినబడలేదు. డప్పు మోగుతూనే ఉంది. పెద్ద కేకతో ఊరంతా ఒక్కుమ్మడిగా పల్లంలోకి దూకింది. అందరికంటే ముందు, కిరీటం జారిపోతున్నా పట్టించుకోకుండా, బంగారు గంగాళం భుజాన పెట్టుకుని దృఢవర్మ మహారాజు వస్తున్నాడు. రాజబావి అతడిదే అయినా అందులో నుంచి అతడు ఎన్నాళ్లుగానో గుక్కెడు కంటే ఎక్కువ తాగలేదు. పెదవులు ముసలివాళ్ల పెదవుల కంటే ఎక్కువ పగిలి ఉన్నాయి.

తరళ కత్తి దూసింది. కేదారుడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎవరి మీద దూస్తారు? అందరూ దాహంతో ఉన్నవాళ్లే.

వీరమాంబ రాజుకు ఎదురెళ్లింది. ఆమె చేతిలో కర్ర లేదు, నోట తిట్టు లేదు. దోసిలి నిండా నీళ్లు ముంచి, తనకు నీళ్లాపిన మనిషి ముఖానికి అందేలా ఎత్తి పట్టింది.

"ముందు తాగు నాయనా," అంది.

రాజు గంగాళం దించలేదు. దోసిలి వంక చూశాడు. ముసలి వేళ్ల సందుల్లోంచి నీళ్లు చుక్కచుక్కగా కారిపోతున్నాయి. మరుకచ్ఛలో ఒక్క చుక్క కింద పడితే నలుగురు వంగుతారు. వీరమాంబ వంగలేదు, కంగారు పడలేదు. దోసిలి ఖాళీ అయింది. ఆమె వెనక్కి తిరిగి మళ్లీ ముంచి, మళ్లీ పట్టింది. అదీ కారిపోయింది. మళ్లీ ముంచింది.

వెనక ఊరంతా ఆగింది. డప్పు ఆగింది. గట్టు మీద చాటింపువాడి భుజాల నుంచి బూడిదరంగు రెక్కలు విచ్చుకుని, వాటి నీడ ముసలావిడ మీదికి సాగింది. ఆమె తల ఎత్తి చూడలేదు.

రాజు నోరు చంటిబిడ్డ నోరులా తెరుచుకుంది. అతడు దోసిలి మీదికి వంగాడు, భుజాన ఉన్న గంగాళం ఖాళీగానే జారి పడింది.